అచ్చయిపోయిన సంతాపం

పెద్దమ్మ కళ్ళజోడు ఆఫీసు బల్ల మీద ఉండిపోయిందంటే తేవడానికి వెళ్ళాను. మెట్ల మలుపులో నాకు మొదట కనిపించింది పెద్దమ్మ చావు. గోడకి ఆనించి, గోధుమరంగు కాగితం చుట్టి, కట్టలు కట్టలుగా పేర్చి ఉంది. ఒక కట్ట మూల చిరిగితే అందులోంచి పెద్దమ్మ ముఖం సగం బయటికి చూస్తోంది. చుట్టూ నల్లటి అంచు. అడుగున లావుపాటి అక్షరాలతో ‘మహిళాలోకపు దీపం ఆరిపోయింది’ అని ఉంది.

ఆ దీపం ఆ పొద్దున్నే టీ చల్లారిపోయిందని నన్ను కసిరింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఆడవాళ్ళ మాసపత్రిక ఒకటి మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళకు పైగా దానికి సంపాదకురాలిగా ఉంది. పెట్టుబడి పెట్టినవాళ్ళు వేరే. ఆ రోజుల్లో ఆడవాళ్ళ పత్రికలంటే వంటలూ, కుట్లూ, భర్త కోపంగా ఇంటికొస్తే ఎలా నవ్వాలో నేర్పే వ్యాసాలూ. పెద్దమ్మ పత్రికలోనూ వంటలూ కుట్లూ ఉండేవి. కానీ చివరి పేజీకి ముందు పేజీలో ‘అడగకూడనివి’ అనే శీర్షిక ఉండేది. తల్లినీ, డాక్టర్నీ, మొగుణ్ణీ అడగలేనివి ఆడవాళ్ళు అక్కడ అడిగేవాళ్ళు. ఇక పిల్లలు చాలనుకుంటే ఏం చెయ్యాలి, ఒంట్లో ఓపిక లేని రోజు మొగుడికి వద్దని ఎలా చెప్పాలి, పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఒక్కసారీ ఇష్టమనిపించకపోతే అది జబ్బా, ఇలాంటివి. పెద్దమ్మ జవాబులు నాలుగు వాక్యాలకి మించేవి కావు. ఆ నాలుగు వాక్యాలకే పత్రికని నడిరోడ్డు మీద తగలబెట్టారు. గ్రంథాలయాల్లోంచి తీసేశారు. పెద్దమ్మ నడిచే దారిలో నిలబడి ఉమ్మేశారు. తగలబెట్టినవాళ్ళ ఇళ్ళల్లోనే పరుపుల కింద ఆ పత్రిక దొరికేదని మా అమ్మ నవ్వుతూ చెప్పేది.

ఆ మధ్య ఆఫీసులో ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ పెద్దమ్మ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ఆసుపత్రిలో తోడుగా ఎవర్ని పంపాలా అని మా ఇంట్లో ఆలోచించి, పరీక్షలైపోయి ఖాళీగా ఉన్నానని నన్ను పంపారు. “ఇది ఇంట్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నోరెత్తదు” అన్నాడు నాన్న. నేను వచ్చిన కొన్నాళ్ళకే డాక్టరు బంధువులకి కబురు చెయ్యమన్నాడు. చేశాం. ఆ తర్వాత పెద్దమ్మ కళ్ళు తెరిచి, ఎండ మొహాన పడుతోంది, కిటికీ వెయ్యమంది. తర్వాత ఇంటికి తెచ్చేశాం.

ఇంతవరకే నాకు తెలుసు. ఆ మధ్యలో ఆఫీసులో ఏం చేశారో మెట్లెక్కి పైకి వెళ్ళాక తెలిసింది. గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకాయన చిన్నయజమాని. పత్రికకి పెట్టుబడి పెట్టిన పెద్దయజమాని ఎప్పుడో పోయాడు, కొడుకు మాత్రం జుట్టు నెరిసి రాలిపోయినా ఇంకా చిన్నయజమానిగానే మిగిలిపోయాడు. రెండో ఆవిడ ఉపసంపాదకురాలు. ఆఫీసులో అందరూ ఆవిడని వెనకాల తేనెసీసా అంటారు.

“ఎన్నాళ్ళని ఆపుతాం? ఏజెంట్లు ఫోన్లు చేసి చంపుతున్నారు” అన్నాడు చిన్నయజమాని.

“ఇంకొన్నాళ్ళు చూద్దాం సార్. మేడం గుండె కూడా అంత బాగాలేదట.” ఆవిడ ఆ మాటని ఆయన్ని ఓదారుస్తున్నట్టుగా అంది.

“ఎవరన్నారు?”

“నర్సమ్మని అడిగాను సార్. ఏ క్షణమైనా ఏమైనా అవ్వచ్చంది.”

“వాళ్ళు అలాగే అంటారు. ముందు కూడా అలాగే అన్నారనేగా మనం మిషను తేదీ వదులుకోకుండా కవరు వేయించేసింది. ఇప్పుడివన్నీ నేనేం చేసుకోను? పొట్లాలు కట్టుకోనా?”

పత్రిక లోపలి పేజీలు కింద ఉన్న సొంత ప్రెస్సులోనే వేస్తారు. పైన వేసే రంగుల కవరు మాత్రం వేరే చోట పెద్ద మిషను మీద వేయించాలి. ఆ మిషను నెలకోసారే దొరుకుతుంది, అందుకని ఎప్పుడూ కవరు ముందు, కథలు తర్వాత. డాక్టరు మాట చెవిన పడగానే వీళ్ళకి కళ్ళనీళ్ళ కంటే ముందు మిషను తేదీ గుర్తొచ్చిందన్నమాట. పెద్దమ్మ మాత్రం వీళ్ళ ఏర్పాట్లేవీ పట్టించుకోకుండా బతికేసింది.

“ఆ పేజీ సంగతి ఏం చేశావు?” అన్నాడు చిన్నయజమాని.

“తీసేశాను సార్. ఈ నెల ఆ చోట నివాళులు. వచ్చే నెల నుంచి కుట్లూ అల్లికలూ.”

“హమ్మయ్య. మా నాన్న ఉన్నప్పటినుంచీ ఆ పేజీ నా పీక మీద కూర్చుంది. ఎక్కడికెళ్ళినా అదేనా మీ పత్రిక అని ఒక నవ్వు. ఆవిడతోపాటే పోనీ, పీడ విరగడవుతుంది.”

నేను తలుపు తోశాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“అయ్యో నువ్వా తల్లీ, ఎంతసేపైంది వచ్చి?” అంది తేనెసీసా.

“ఇప్పుడే. కళ్ళజోడు కోసం.”

“మేడం ఎలా ఉన్నారమ్మా?”

“బాగున్నారు. మెతుకులు మాని రొట్టె అడుగుతున్నారు.”

ఇద్దరి ముఖాలూ ఒక్కసారి వాలిపోయాయి. వెంటనే సర్దుకుని, దేవుడు చల్లగా చూశాడన్నారు. నేను కళ్ళజోడు తీసుకుని, దిగేటప్పుడు చిరిగిన కట్టలోంచి ఒక కవరు లాగి, మడిచి సంచిలో పెట్టుకున్నాను.

పెద్దమ్మకి వెంటనే చూపించలేదు. చూపిస్తే నిజంగానే ఏమైనా అయిపోతుందేమోనని భయమేసింది. ఇంట్లో, నాలుగు గోడలూ పుస్తకాలే ఉన్న తన గదిలో పెద్దమ్మ దిండ్లకి ఆనుకుని కూర్చుని, రోజూ ఒకే ప్రశ్న అడిగేది. “ప్రూఫులు రాలేదుటే పిల్లీ?” చప్పుడు చెయ్యకుండా నడుస్తానని నాకా పేరు పెట్టింది. రాలేదంటే ఫోను చేయించేది. అవతలినుంచి తేనెసీసా మిషను రిపేరులో ఉందని చెప్పేది.

“మిషను రిపేరైతే ప్రూఫులకేం రోగం?” అనేది పెద్దమ్మ ఫోను పెట్టేశాక. “నా పేజీ ఎలా వేస్తారు వీళ్ళు? ఎవరు రాస్తారు జవాబులు, ఆ తేనెసీసానా? అత్తమామల్ని దైవంగా చూసుకో అమ్మా అంటుంది, దేనికైనా అదే మందు.”

ఈలోగా చూడటానికి వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. అంతకుముందు వాళ్ళు ఎందుకొస్తున్నారో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసిపోయేది. సంతాపం రాసిచ్చి, అది అచ్చు కాకుండా ఆగిపోయినవాళ్ళ ముఖాలు వేరుగా ఉంటాయి. మహిళా సంఘం అధ్యక్షురాలు వచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, చల్లగా ఉందా వెచ్చగా ఉందా అని చూసినట్టు చూసింది. మామయ్య వచ్చాడు. పెద్దమ్మకీ మా అమ్మకీ తమ్ముడు. పత్రిక తగలబెట్టిన రోజుల్లో పెద్దమ్మతో మాటలు మానేసి, ఇన్నేళ్ళూ వీధిలో ఎదురైనా తల తిప్పుకుని పోయినవాడు. ఇప్పుడు మంచం పక్కన కుర్చీ లాక్కుని, “ఆయాసం ఏమైనా వస్తోందా అక్కయ్యా? రాత్రిళ్ళు వస్తుందట ఇలాంటివాళ్ళకి” అని ఆశగా అడిగాడు. ఆయన వెనక అత్తయ్య, అంటే మామయ్య భార్య, చేతిసంచి రెండు చేతుల్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. కూర్చోమంటే, ఫర్వాలేదు వెళ్ళిపోతాంగా అంది.

వాళ్ళు వెళ్ళాక పెద్దమ్మ దిండ్లకి చేరబడింది.

“ఏమైంది వీళ్ళకి? నేను బతికానని ఒక్కడూ సంతోషించడేం? కనీసం నటించడం కూడా రావట్లేదు సన్నాసులకి.”

ఇక దాచడం అనవసరమనిపించింది. సంచిలోంచి కవరు తీసి, మడత విప్పి, ఒళ్ళో పెట్టాను. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని, ఫోను దగ్గరగా జరుపుకుని నిలబడ్డాను.

“పెన్సిలివ్వు” అంది.

ఎడమ చేత్తో, వంకరగా, ‘దీపం’ అన్నమాట కొట్టేసింది.

“ముప్పై ఏళ్ళు ఈ మాట కొట్టేస్తూనే ఉన్నాను. ఎవత్తె పోయినా దీపం, ఎవత్తె చదువుకున్నా దీపం. నేను పడిపోయానో లేదో తెచ్చి నా నెత్తినే పెట్టారు.” మళ్ళీ చూసింది. “ఫోటో బాగుంది. ఎక్కడ పట్టారో.”

అప్పుడు చెప్పాను, మెట్ల దగ్గర కట్టల సంగతీ, నేను విన్నదీ. కవరు సంగతి చెబుతున్నంతసేపూ పెద్దమ్మ నవ్వుతూనే ఉంది. మూతి ఒక పక్కకి లాగేసిన నవ్వు. పేజీ తీసేశారనీ, కుట్లూ అల్లికలూ వేస్తారనీ చెప్పాక నవ్వు ఆగిపోయింది.

“నేను పోతే పోయాను. దాన్నెందుకే చంపుతారు?” అంది మెల్లిగా. ఆ ఇంట్లో పెద్దమ్మ మెల్లిగా మాట్లాడగా వినడం నాకు అదే మొదలు. తర్వాత, “లోపలి పేజీలు తీసుకురా” అంది.

తేనెసీసా అన్నానికి వెళ్ళే వేళ చూసుకుని వెళ్ళాను. కింద ప్రెస్సులో పేజీలు పెట్టే ఆయన తలనొప్పి పట్టుకున్నవాడిలా కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు.

“మేడం ఓపికగా ఉన్నారా? ఉంటే ఇవి చూపించి టిక్కు పెట్టించుకురా అమ్మాయ్. టిక్కు లేకుండా అచ్చుకి ప్లేటు చెయ్యమని పైవాళ్ళు రోజూ నా ప్రాణం తీస్తున్నారు. ఈ ప్రెస్సులో మేడం టిక్కు లేకుండా ఒక్క పేజీ కూడా ప్లేటుకి పోలేదు. ఇప్పుడెలా పోతుంది?”

“ఇవి పెద్దమ్మ పోయినందుకు రాసినవి” అన్నాను.

“అయితే మాత్రం? ఎవరు పోయినా టిక్కు టిక్కే.” అందులో వింతేమీ ఆయనకి కనిపించలేదు. పెద్దమ్మ చావుకి పెద్దమ్మ ఆమోదం కోసం ఎదురుచూస్తూ అన్నాళ్ళుగా ఆ పేజీలు అక్కడ పడి ఉన్నాయి. చిన్నయజమాని కసురుకున్నా, తేనెసీసా బతిమాలినా ఆయన కదల్లేదు. పత్రిక ఆగిపోవడానికి డాక్టరు ఎంత కారణమో ఈయన మొండితనమూ అంతే కారణం.

తెచ్చి చదవడం మొదలుపెట్టాను.

“గట్టిగా చదవవే. చచ్చింది నేను, నువ్వు కాదు.”

గొంతు పెంచాను. మొదట మామయ్య రాసింది. ‘మా అక్కయ్య నాకు అక్క కాదు, గురువు. ఆమె పోరాటాల్లో నేను నీడలా వెంట నడిచాను.’

“నీడే. ఎండ తగిలితే మాయమైపోయే రకం. తర్వాత?”

మహిళా సంఘం అధ్యక్షురాలు. ‘ఆమె, నేను ఒకే బాటలో చెట్టాపట్టాల్ వేసుకుని నడిచాం.’

“నాలుగురోడ్ల కూడలిలో పత్రికలు కుప్పపోస్తే అగ్గిపుల్ల గీసింది ఈవిడే. గాలికి ఆరిపోతే మళ్ళీ గీసింది. మంచి ఓపిక. తర్వాత?”

రిటైరైన డాక్టరు ఒకాయన. ‘ఆరోగ్య విషయాల్లో ఆమె ఎప్పుడూ నా సలహా తీసుకునేవారు.’

“ఆడది తన ఒంటి గురించి తెలుసుకుంటే గర్భసంచి జారిపోతుందన్నాడు, సభలో, మైకు పట్టుకుని. ఆ సలహా తీసుకునుంటే ఈపాటికి అందరి గర్భసంచులూ రోడ్ల మీద ఉండేవి.”

తేనెసీసా రాసిన సంపాదకీయం ఆఖరిది. ‘ఆమె కొన్నిసార్లు హద్దులు దాటినా, ఆమె హృదయం వెన్న.’  పెద్దమ్మ పక్కకి ఉమ్మినట్టు మూతి పెట్టి, ఇది ఇక అచ్చుకి పోదన్నట్టు ఆ కాగితం తీసి దిండు కింద పెట్టుకుంది.

తర్వాత గోడ వైపు వేలు చూపించింది. అక్కడ పాత సంచికలన్నీ ఏడాదికొకటి చొప్పున బైండు కట్టించి ఉన్నాయి. పెద్దమ్మకి ఒక అలవాటు ఉండేది. తనని తిడుతూ ఎవరేం రాసినా, సభల్లో ఏమన్నా, దాన్ని పూర్తిగా, అన్నవాళ్ళ పేరూ ఉద్యోగంతో సహా పత్రికలో వేసేది. జవాబు చెప్పేది కాదు. మిగతా సంపాదకులు పొగడ్తలు వేసుకుంటుంటే ఈవిడ తిట్లు వేసుకునేది. తిట్టినవాళ్ళు కూడా తమ పేరు అచ్చులో చూసుకుని ఆ సంచికలు కొనుక్కుని బంధువులకి పంచేవాళ్ళట. అందుకని వెతకడం కష్టం కాలేదు. మామయ్యది దొరికింది. ‘ఈ సంపాదకురాలికీ మా కుటుంబానికీ ఏ సంబంధమూ లేదని, ఆమె మా ఇంటి గడప తొక్కరాదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.’ కింద సంతకం, హోదా. అధ్యక్షురాలిదీ దొరికింది. డాక్టరుదైతే మూడు పేజీలు.

“పిల్లీ, ఇలా కూర్చో” అంది పెద్దమ్మ. “పేజీ మధ్యలో నిలువుగా గీత గియ్యి. ఎడమవైపు అప్పటిది, కుడివైపు ఇప్పటిది. ఒక్క అక్షరం మార్చకు. మనం ఒక్క మాట కూడా కలపొద్దు. కలిపితే రుచి పోతుంది.”

ఆ రోజంతా గీతలు గీశాను. మర్నాడు చిన్నయజమాని పళ్ళ బుట్టతో వచ్చాడు. వెనకాల తేనెసీసా. పేజీలు పెట్టే ఆయన ప్రూఫులు ఎక్కడికి పోయాయో వాళ్ళకి చెప్పేసినట్టున్నాడు. ఇద్దరూ గోడవైపు చూస్తూ కూర్చున్నారు. కవరు పెద్దమ్మ ఒళ్ళోనే ఉంది.

“ఎన్ని వేశారు?” అంది పెద్దమ్మ.

“మామూలు కంటే కాస్త ఎక్కువే మేడం” అన్నాడు చిన్నయజమాని. “అంటే, మీ మీద అభిమానం కొద్దీ జనం...”

“మేము వద్దనే అన్నాం మేడం. తేదీ దాటిపోతుందేమోనని...” అని తేనెసీసా అందుకుంది.

“నువ్వాగమ్మా. నీ మాట వింటుంటే పంటినొప్పి వస్తుంది నాకు.” పెద్దమ్మ చిన్నయజమాని వైపు తిరిగింది. “ఏం బాబూ, ఇవి పారేస్తావా?”

ఆయన ముఖంలో కనిపించిన బాధ నిజమైనది. పెద్దమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ ముఖంలో అంత బాధ నేను చూడలేదు. “మీరెలా చెబితే అలా మేడం” అన్నాడు.

“పారెయ్యొద్దు. వాడుకో.”

“మేడం?”

“నువ్వు నన్ను చంపి అచ్చేయించుకున్నావు, పోనీలే, వాడుకో. కానీ లోపల ప్రతి అక్షరం నాది. నా పేజీ ఉంటుంది, ఈసారి రెండు పేజీలు. ఈ పత్రిక ఉన్నన్నాళ్ళూ ఆ శీర్షిక తీసెయ్యనని నువ్వే నీ మాటగా రాస్తావు. మొదటి పేజీలో వేస్తాను.”

“శీర్షిక గురించి తర్వాత మాట్లాడుకుంటే...”

“తర్వాతకి నేనుంటానో లేదో మీరు నర్సుని అడిగారుగా. ఇప్పుడే మాట్లాడు. లేదంటే ఆ కట్టలు తీసుకెళ్ళి పొట్లాలు కట్టుకో.”

ఆయన నా వైపు చూశాడు. నేను పళ్ళ బుట్ట వైపు చూశాను.

“మేడం, పాఠకులు ఇప్పుడు మారిపోయారు, ఆ శీర్షిక కొంచెం...” అని తేనెసీసా మళ్ళీ మొదలుపెట్టింది. చిన్నయజమాని చెయ్యెత్తి ఆపాడు. ఆయన మనసులో కట్టలూ పీక మీది పేజీ కుస్తీ పడుతున్నాయని తెలుస్తూనే ఉంది. ఇంకొంచెం తోయాలని పెద్దమ్మకి అర్థమైంది.

“నీ ఫోటో కూడా వేస్తాను” అంది.

“నాదా?” సర్దుకుని కూర్చున్నాడు. “ఏ ఫోటో మేడం?”

“నీ ఇష్టం వచ్చింది. జుట్టున్నది కావాలంటే అదే పంపు.”

సాయంత్రానికి ఆయన రాసిన మాటా, ఫోటో వచ్చేశాయి. ‘మా నాన్నగారి ఆశయమూ, నా చిరకాల కోరికా అయిన ఈ శీర్షికని పత్రిక ఉన్నంతకాలం కొనసాగిస్తానని మాట ఇస్తున్నాను.’ పీక మీద కూర్చున్నది చిరకాల కోరిక ఎప్పుడైందో ఆయనకే తెలియాలి. ఫోటోలో జుట్టుంది.

జవాబులు పెద్దమ్మ చెబుతుంటే నేను రాశాను. కొన్ని ప్రశ్నలు రాయడానికి నా చెయ్యి ఆగేది. పెద్దమ్మ చూసి, “నీకు సిగ్గుగా ఉందంటే అడిగినామెకి ఎంత సిగ్గేసి ఉంటుందో చూడు. అయినా అడిగింది. నువ్వు రాయడానికేం?” అనేది. మొదటి పేజీలో, చిన్నయజమాని ఫోటో పైన, పెద్దమ్మ ఒక్క వాక్యం వేసింది. ‘కవరు మీది వార్త తొందరపడింది, లోపల పని మామూలుగా జరుగుతోంది.’ పేజీలన్నిటి మీదా ఎడమ చేత్తో వంకర టిక్కులు పెట్టింది. పేజీలు పెట్టే ఆయన వాటిని చూసుకుని, తలనొప్పి పోయినవాడిలా ప్లేట్లకి పంపాడు.

సంచిక వచ్చిన రోజు ఏజెంట్ల దగ్గర ఒక్కటి మిగల్లేదట. కవరు చూసి కొన్నవాళ్ళే ఎక్కువ. లోపల చదివే ఓపిక లేనివాళ్ళు పువ్వులు పట్టుకుని సరాసరి ఇంటికి వచ్చేశారు. తలుపు తీస్తే లోపల పెద్దమ్మ రొట్టె తింటూ కనిపించేది. పువ్వులేం చెయ్యాలో తెలియక కొంతమంది వెనక్కి పట్టుకుపోయారు. కొంతమంది బల్ల మీద పెట్టి, “ఆరోగ్యం జాగ్రత్త” అని నీళ్ళు నమిలారు. ఆ డాక్టరు తన నివాళి తనది కాదని, ఎవరో తన పేరు వాడుకున్నారని అందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాడట. తేనెసీసా ఉద్యోగం మానేస్తుందేమో అనుకున్నాను. ఎక్కడికీ పోలేదు. ఆ రకం పోరు. అప్పటిదీ ఇప్పటిదీ పక్కపక్కన వేసే ఈ ఆలోచన ముందు తనదేనని ఆఫీసుకొచ్చినవాళ్ళందరికీ చెబుతోందని పేజీలు పెట్టే ఆయన అన్నాడు.

మామయ్య పత్రికని గొట్టంలా చుట్టి చేత్తో పట్టుకుని వచ్చాడు. వెనకాల అత్తయ్య, మళ్ళీ ఆ సంచి రెండు చేతుల్తో పట్టుకుని.

“నన్ను నడిబజార్లో నిలబెట్టావు అక్కయ్యా.”

“నేనెక్కడ నిలబెట్టానురా? ఎడమవైపు నిలబడిందీ నువ్వే, కుడివైపు నిలబడిందీ నువ్వే. నేను మధ్యలో గీత గీయించాను. ఆ గీత కూడా ఇది గీసింది.”

“క్లబ్బులో మొహం ఎత్తుకోలేకపోతున్నాను. ఎప్పుడో కుర్రతనంలో ఏదో రాశాననుకో...”

“అప్పటికి నీకు ఇద్దరు పిల్లలు.”

“తమ్ముణ్ణని కూడా చూడవా?”

“చూశాను కాబట్టే నీది మొదట వేశాను.”

మామయ్య కుర్చీలోంచి లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. కుటుంబ గౌరవం గురించి ఎత్తుకున్నాడు. ఆయన గౌరవం గురించి మొదలుపెడితే మొదట తాతగారు వస్తారు, తర్వాత ఆయన హోదా, తర్వాత ఆయనకి జరిగిన సన్మానాలు. అది విన్నాక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు కనుక నేను వంటగదిలోకి వెళ్ళిపోయాను. నా వెనకే అత్తయ్య వచ్చింది.

“మంచినీళ్ళిస్తావా అమ్మాయ్.”

ఇచ్చాను. తాగలేదు. గ్లాసు పట్టుకుని కుళాయి వైపు చూస్తూ నిలబడింది. ముందు గదిలో మామయ్య తాతగారి దగ్గర ఉన్నాడు.

“ఆ పేజీ ఉంటుందటగా ఇంక.”

“ఉంటుంది అత్తయ్యా.”

“పేర్లు వెయ్యరు కదా?”

“వెయ్యం.”

“రాసి పంపాలా? మా ఇంట్లో నేను కాగితం తీస్తే ఎవరికి రాస్తున్నావంటారు. నోటితో చెబితే తీసుకుంటారా?”

“తీసుకుంటాం.”

అత్తయ్య తలుపు వైపు ఒకసారి చూసింది. మామయ్య తన హోదా దగ్గరికి వచ్చాడు.

“పెద్ద సంగతేం కాదు. నవ్వకు. నాకు వేరే గదిలో పడుకోవాలని ఉంది. కోపమేం కాదు, గొడవేం లేదు. ఊరికే. కంటినిండా నిద్రపడుతుందని. ఇన్నేళ్ళ నుంచీ ఉంది. ఇప్పుడీ వయసులో అలా అంటే తప్పంటారేమోనని.”

పెద్దమ్మని అడిగి చెబుతానందామని నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ దగ్గర మామయ్య కూర్చుని ఉన్నాడు, ఇంకా సన్మానాలకే రాలేదు. అత్తయ్య నా ముఖంలోకి చూస్తోంది. నేను పేజీ మనిషినన్నట్టు చూస్తోంది.

“గది ఉందా అత్తయ్యా?”

“ఉంది. మంచం కూడా ఉంది. మీ మామయ్య సన్మానాల షీల్డులన్నీ దాని మీదే పేర్చి ఉన్నాయి.”

“అవి తీసి కింద పెట్టండి.”

“ఎందుకు తీశావని అడుగుతారు.”

“నిద్రొస్తోందని చెప్పండి.”

అత్తయ్య ఆ మాట పెదాలతోనే ఒకసారి అనుకుని చూసుకుంది. తర్వాత గ్లాసెత్తి నీళ్ళన్నీ తాగేసింది.